బాబాయి ఒప్పుకోని టీవీ

మా బాబాయి పోయారన్న కబురు నాకు జోసెఫ్ గారి ఫోన్లో వచ్చింది. వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. "అమ్మా, ఒక్కదానివే ఉన్నావా, పక్కన ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు. మంచి కబురు చెప్పేవాళ్లెవరూ ముందు ఆ మాట అడగరు. చాకు పక్కన పెట్టేశాను. "బాబాయి గారు కుర్చీలోనే వెళ్లిపోయారమ్మా. టీవీ ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే" అన్నారు. గొంతు తగ్గించి, "మన టీవీ ముందే" అన్నారు.

ఆ "మన" దగ్గర నేను ఇంకా ఆగిపోయే ఉన్నాను. బాబాయి గురించి నాలుగు మాటలు రాయమని తెలిసినవాళ్లు అడిగినప్పుడు కూడా నాకు ముందు ఆ మాటే గుర్తొచ్చింది. మన టీవీ అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. "మీ బొమ్మ" అనేవారు.

ఈ వ్యాసం చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. విజయవాడ ఆటోనగర్లో, లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఒక రేకుల షెడ్డులో, కంప్యూటర్లు బిగించే చిన్న కంపెనీ నడిపిన మనిషి. భాగాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, బిగింపు మాది. కంకిపాడు, ఉయ్యూరు మీదుగా చల్లపల్లి దాకా, స్కూళ్లలో, ఎరువుల కొట్లలో, ఆడిటర్ల గదుల్లో మా కంప్యూటర్లు ఉండేవి. కొన్ని ఇంకా ఉన్నాయి. సగం వాటా బాబాయిది, సగం గుణదల జోసెఫ్ గారిది. యూనివర్సిటీలో చదువు అయ్యాక ఎక్కడికీ పోకుండా నేను అక్కడే చేరి ప్రోగ్రాములు రాస్తూ ఉండిపోయాను. షెడ్డులో ఆయన్ని సార్ అనాలి, ఇంట్లో బాబాయ్ అనాలి. నేను మాట తప్పి షెడ్డులో "బాబాయ్" అంటే, చేతిలో పని ఆపకుండానే, "ఆయన కంకిపాడులో ఉన్నాడమ్మా, సాయంత్రం కలువు" అనేవారు.

ఆయనకో అలవాటు ఉండేది. బిగించిన ప్రతి కంప్యూటరునీ పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా ఆడించి, అట్టపెట్టెలోకి ఎక్కించే ముందు దాని వీపు మీద అరచెయ్యి ఆనించేవారు. పిల్లల నుదురు మీద చెయ్యి పెట్టి చూస్తాం చూడండి, అలా. కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఉండి, "జ్వరం లేదు, పంపించండి" అనేవారు. వేడి కొలిచే పరికరం మా దగ్గర లేక కాదు. నేనే కొనిపించాను. అది చెప్పిన అంకె చూసి తలూపి, మళ్లీ చెయ్యి ఆనించేవారు.

కంప్యూటర్లు చేసే కంపెనీ టీవీలు చెయ్యాలా వద్దా అన్న మాట షెడ్డులోకి తెచ్చింది జోసెఫ్ గారు. అది వ్యాపారం మాట మాత్రమే అని మేమంతా అనుకున్నాం. స్కూళ్ల ఆర్డర్లు తగ్గిపోయాయి. ఇళ్లకి కొనేవాళ్లు దాదాపు లేరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్న మా వాళ్లని చూడలేక బాబాయి బయటికెళ్లి ఎండలో నిలబడేవారు.

"గురువుగారూ, మనిషి చేతిలో ఫోనుంది, గోడకి టీవీ ఉంది. మధ్యలో మన డబ్బా ఎవడిక్కావాలండీ?" అన్నారు జోసెఫ్ గారు ఒకరోజు, టీ గ్లాసు పట్టుకుని. "టీవీ అంటే ఏంటి? పెద్ద తెర, దాని వెనకాల చిన్న కంప్యూటరు. మనకి రాని పనేముంది అందులో?"

"పెళ్లి భోజనంలోనూ అదే పప్పు, అదే నెయ్యి. తద్దినం భోజనంలోనూ అదే పప్పు, అదే నెయ్యి. వంటవాడు ఒకడేనా?"

"మాకు తద్దినాల్లేవని దెప్పుతున్నారా?"

"లేకపోతే ఏం, మా ఇంట్లో ప్రతి ఏడూ తింటున్నావుగా."

షెడ్డంతా నవ్వింది. జోసెఫ్ గారు కూడా నవ్వారు గానీ, గ్లాసు కింద పెట్టి, "ఇది కాకపోతే మాత్రం షెడ్డుకి తాళమే గురువుగారూ. మీరు ఊఁ అనకుండా నేను చెయ్యను. అలాగని మీరు ఊరుకుంటే వీళ్లంతా ఎక్కడికెళ్తారో కూడా మీరే చెప్పాలి" అన్నారు. అప్పుడెవరూ నవ్వలేదు.

ఆయన ఎందుకు ఊఁ అనలేకపోతున్నారో నాకు కొంత తెలుసు. అంతకు కొన్నాళ్ల ముందు మేమిద్దరం చల్లపల్లిలో ఒక ఆడిటరు గారికి కంప్యూటరు బిగించడానికి వెళ్లాం. వెళ్లాక తెలిసింది, ఆయన తండ్రి పోయి నాలుగు రోజులే అయిందని. తిరిగి వచ్చేద్దాం అనుకున్నాం. ఆయనే, మాసిన గడ్డంతో, లోపలికి రమ్మన్నారు. "క్లయింట్ల రిటర్నులున్నాయండీ, ఆగవు" అన్నారు. మేం బిగించగానే దాని ముందు కూర్చుని టకటకా కొట్టడం మొదలుపెట్టారు. ఇల్లంతా చుట్టాలు. ఎవరూ ఒక్క మాటనలేదు. హాల్లో గోడకున్న టీవీ మీద మాత్రం నిలువునా ఒక తుండు కప్పి ఉంది, దాని ముఖం ఎవరికీ కనపడకుండా.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కాలవ గట్టు వెంబడి కొబ్బరిచెట్లు వెనక్కి పోతుంటే, బాబాయి వాటినే చూస్తూ కూర్చున్నారు. ఉయ్యూరు దాటాక అన్నారు:

"చూశావా అమ్మాయ్? చావింట్లో కంప్యూటరు పెడితే ఎవరికీ తప్పనిపించలేదు. అదే టీవీ పెట్టి ఉంటే వీధి వీధంతా నోరు నొక్కుకునేది."

"అది పని, ఇది వినోదం. అంతేగా బాబాయ్."

"అంతేనా? పనిముట్టుకి ఎవరన్నా ముసుగేస్తారా? పారకి వేస్తారా, కుట్టుమిషనుకి వేస్తారా?" అని, నా వైపు తిరిగి, "అది ఇంట్లో మనిషి కిందే లెక్క. అందుకే మొహం కప్పారు" అన్నారు.

నాకప్పుడు ఏం తోచలేదు. నాకు ఏ మాటా వెంటనే తోచదు. రెండు వైపులా తిప్పి చూసుకుంటే గానీ ఇది నిజం అనుకోలేను. అన్నీ తిప్పి చూసుకునేసరికి అడిగినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు.

మొత్తానికి ఒక రాజీ కుదిరింది. మచ్చుకి ఒక్క టీవీ చేస్తాం. అది కంకిపాడులో బాబాయి ఇంట్లో ఉంటుంది. కొన్నాళ్లు దానితో కాపురం చేసి, చెయ్యాలో వద్దో ఆయన చెబుతారు. ఇంటికి తీసుకెళ్లే రోజున, "చావింట్లో నోరు మూసుకోవడం తెలిసిన టీవీ చెయ్యి అమ్మాయ్, కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తా" అన్నారు నాతో. వేళాకోళంగానే అన్నారు. అయినా ఆయన వేళాకోళాలకి వెనకవైపు ఒకటి ఉండేది.

ఇక్కడ ఆ టీవీ గురించి కొంచెం చెప్పాలి. మిగతావాటికంటే మాది వేరుగా ఉండాలని, దానికొక కన్ను పెట్టాను. చట్రం పైన, మధ్యలో, కందిగింజంత. తిన్నగా ఎదురుగా మనిషి ముఖం ఉందా లేదా చూస్తుంది. మన ఇళ్లలో ఎవరూ చూడకుండానే టీవీ మోగుతూ ఉంటుంది కదా, అది పోవాలని. మనిషి లేస్తే ఆగిపోతుంది. రోజూ ఏ వేళకి ఎవరు కూర్చుంటారో నేర్చుకుని, ఆ వేళకి ముఖం కనపడగానే తనే వెలుగుతుంది. ఇంకొకటి కూడా ఉంది. చూస్తున్న మనిషి కళ్లు మూసుకుంటే, వెలుగూ చప్పుడూ మెల్లమెల్లగా తగ్గించుకుంటుంది.

ఆ చివరిది నా బుర్రలో పుట్టింది కాదు. పిన్ని దగ్గర నేర్చుకున్నాను. బాబాయి సాయంత్రం వార్తల వేళకి పేము కుర్చీలో కూర్చునేవారు. బ్యారేజీ దగ్గర ఎన్ని గేట్లెత్తారో, కాలవలకి నీళ్లు ఎప్పుడు వదులుతారో వినేవారు. ఆయనకి పొలం లేదు, కౌలూ లేదు. అయినా నీళ్ల వార్త వినకపోతే అన్నం సయించేది కాదు. అది అయిపోగానే తల ఒక పక్కకి వాలేది. పిన్ని ఎక్కడున్నా వచ్చి, ఫ్యాను ఒక మెట్టు తగ్గించి, చప్పుడు చెయ్యకుండా మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయేది. మెడకి చలిగాలి తగిలితే ఆయనకి పట్టేస్తుంది. కుర్చీ చేతి మీద వేసిన తుండుగుడ్డ అప్పటిదాకా రెపరెపలాడుతూ ఉండి, మెల్లగా వాలిపోయేది. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను ఆ దృశ్యాన్ని. ప్రేమ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ ఫ్యాను రెగ్యులేటరు గుర్తొస్తుంది. దాన్నే నేను ప్రోగ్రాములో రాశాను.

మొదట్లో ఆయన దాన్ని ఆట పట్టించారు. పిన్ని అద్దానికి అంటించుకునే స్టిక్కరు బొట్టు ఒకటి, ఎర్రది, ఊడదీసి దాని కంటి మీద అంటించేవారు. టీవీ ఆగిపోయేది. తీస్తే వెలిగేది. "చూడవే, రిమోటు అక్కర్లేదు. కన్ను మూస్తే పడుకుంటుంది, తెరిస్తే లేస్తుంది. నీకంటే నయం" అనేవారు పిన్నితో.

"నా బొట్లన్నీ దానికే పెట్టండి. రేపు తాళి కూడా కట్టండి" అనేది పిన్ని.

తర్వాత ఒకరోజు షెడ్డుకి ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ బొమ్మ నన్ను చూడట్లేదే. నా పక్కన ఎవర్నో చూస్తోంది" అన్నారు. "నేనింకా కుర్చీలో కూర్చోలేదు, గుమ్మంలోనే ఉన్నాను, అప్పటికే వెలిగి ఉంది" అన్నారు. వెళ్లి చూస్తే కుర్చీ వెనక గోడ మీద మా నాయనమ్మ ఫొటో ఉంది. దానికి ముఖం కనిపిస్తే చాలు. బతికున్న ముఖమా, పటంలో ముఖమా అన్న విచక్షణ దానికి లేదు. నాకు నవ్వొచ్చింది. పటం తీసి పక్క గదిలో పెట్టించాను.

"మా అమ్మకి టీవీ అంటే ప్రాణం" అన్నారాయన, పటం ఉన్న చోట సున్నం మీద మిగిలిన తెల్లటి చదరం వంక చూస్తూ.

వారం తిరక్కుండా మళ్లీ ఫోన్ చేశారు. "పటం తీసేశావుగా?" అన్నారు.

"తీసేశానుగా సార్. ఏం?"

"ఏం లేదు. ఇప్పుడూ చూస్తోంది."

నవ్వారు. నేనూ నవ్వాను. అది హాస్యమో కాదో నాకు తెలియలేదు. కర్టెన్ మీద పువ్వులేమో, తలుపు సందులోంచి పడే వెలుగేమో అన్నాను. "అయ్యుంటుందిలే" అన్నారు. ఆ "లే"లో ఆయన నన్ను ఓదారుస్తున్నట్టు అనిపించింది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. చెయ్యాలా వద్దా అన్నదీ చెప్పలేదు. ఆదివారం జోసెఫ్ గారినీ నన్నూ భోజనానికి రమ్మన్నారు, అప్పుడు చెప్తానన్నారు. ఆ ఆదివారం మేం వెళ్లాం గానీ, వెళ్లింది భోజనానికి కాదు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో పిన్ని నాకు చెప్పింది. ఏడవకుండా, ఇంకెవరి ఇంట్లోనో జరిగినట్టు చెప్పింది. నీళ్ల వార్త అయింది. వంటింట్లోకి వినపడే చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఓహో పడుకున్నారు అనుకుంది. వచ్చి, ఫ్యాను ఒక మెట్టు తగ్గించి వెళ్లి, చారు పోపు వేసుకుంది. అన్నానికి లేపడానికి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా తెలియలేదు.

"నేను తగ్గించేటప్పటికే పోయారో, ఆ తర్వాత పోయారో" అంది. "దానికి తెలుసుంటుంది."

దానికి ఏమీ తెలియదు పిన్నీ, కళ్లు మూసుకున్నారన్న ఒక్కటే తెలుసు అని చెప్పబోయాను. నిద్రకీ, పోవడానికీ తేడా నేను రాయలేదు. ఎలా రాయాలో ఎవరికి తెలుసు?

ఆ రోజుల్లో ఆ ఇంట్లో టీవీ ఎవరూ పెట్టలేదు, దాని ఎదురుగా ఉన్న పేము కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. వచ్చిన వెంటనే మా పెద్దమ్మ రిమోటు నొక్కి, "ఇంక దీని జోలికి ఎవరూ వెళ్లకండి" అంది. తుండు కప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చిత్రం, నాకు కూడా రాలేదు. రిమోటుతో ఆపితే తెర ఆగుతుంది గానీ కన్ను మూసుకోదని ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఒకసారి అటుగా వెళ్తూ, బాబాయి చేసినట్టే, ఎందుకో దాని వీపు మీద చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. అలా ఉండడం మామూలే. ఆపినా కొంచెం కరెంటు లోపల పారుతూనే ఉంటుంది. ఆ సంగతి తెలిసి కూడా చెయ్యి గబుక్కున తీసేశాను.

పెద్దకర్మ ముందురోజు స్టూడియో నుంచి ఫొటో వచ్చింది. పెద్దది, నిలువెత్తులో సగం. ఎక్కడ పెట్టాలి అంటే ఎవరో పేము కుర్చీలో పెట్టమన్నారు. అందరికీ అదే సబబనిపించింది. ఆయన చోటు అది. చామంతి దండ వేశారు, కుర్చీ ముందు పీట మీద దీపం పెట్టారు, అగరొత్తులు గుచ్చారు. చుట్టాలంతా హాల్లో చాపల మీద కూర్చుని, మర్నాడు వడ్డనలు ఎవరు చెయ్యాలో మాట్లాడుకుంటున్నారు. జోసెఫ్ గారు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. బయట పొద్దు వాలింది. వార్తల వేళ అని నేను అనుకోలేదు. ఆ మాట ఇప్పుడు అనుకుంటున్నాను.

టీవీ వెలిగింది.

ఎవరి మాట వాళ్ల నోట్లోనే ఆగిపోయింది. తెర మీద అమ్మాయి బ్యారేజీలో నీటిమట్టం చెబుతోంది. ఆ వెలుగు ఎదురుగా ఉన్న ఫొటో అద్దం మీద పడి, బాబాయి ముఖం మీద నీలంగా కదులుతోంది.

"ఎవరే రిమోటు నొక్కింది?" అంది పెద్దమ్మ.

రిమోటు టీవీ పైన అరలో, కూర్చున్నవాళ్లెవరికీ అందనంత ఎత్తులో ఉంది.

"ఆపండి, ఎవరన్నా ఆపండి!" అన్నారెవరో. నేను లేవబోయాను. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న పిన్ని, చెయ్యెత్తింది. "ఉండవే. నీళ్ల వార్త అవ్వనీ" అంది.

అంతమందిమీ ఉండిపోయాం. కాలవలకి నీళ్లు ఎప్పుడు వదులుతారో మొత్తం విన్నాం. పటాన్ని చూసి వెలిగిందని నాకు తెలుసు. నాయనమ్మ పటాన్ని చూసి వెలిగినట్టే. లేచి నిలబడి ఆ మాట అందరికీ వివరంగా చెప్పి ఉండాల్సింది. చెప్పేదాన్నేనేమో కూడా. ఇంతలో వార్త మారింది. చప్పుడు తగ్గడం మొదలైంది. వెలుగు కూడా తగ్గుతోంది, మెల్లమెల్లగా, అలవాటుగా. పటంలో ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి.

చప్పుడు పూర్తిగా పోయింది. తెర మసకగా, చీకటి పడే ముందు కాలవ నీళ్లలా అయింది.

"నిద్రపట్టింది" అంది పిన్ని. లేచి వెళ్లి ఫ్యాను ఒక మెట్టు తగ్గించింది.

తర్వాత నేను చాలా కారణాలు అనుకున్నాను. దీపంలో నూనె తగ్గి వెలుగు చాలక కళ్లు ఆనలేదేమో. అగరొత్తుల పొగ అడ్డం వచ్చిందేమో. దండ జారి కనుబొమల దగ్గరికి వచ్చింది, అది నేను చూశాను. ఇందులో ఏదైనా కావచ్చు. ఏదో ఒకటి అయ్యే ఉంటుంది. అయితే అంతమందిలో ఒక్కరు కూడా ఆ సమయంలో దండ సరిచెయ్యడానికి ఆ కుర్చీ దగ్గరికి వెళ్లలేదు.

మర్నాడు కర్మ అయ్యాక, భోజనాలయ్యాక, జోసెఫ్ గారు వాకిట్లో నిలబడి చేతులు తుడుచుకుంటూ, "అయిపోయిందమ్మా" అన్నారు. "చావింట్లో నోరు మూసుకునే టీవీ చెయ్యమన్నారు గురువుగారు. తన చావింట్లోనే పరీక్ష పెట్టారు. ఫెయిలయ్యాం. షెడ్డులో వాళ్లకి నేనే చెప్పుకుంటాలే, ఎలాగో."

పిన్ని వెనకే ఉందని మేం చూడలేదు. బాబాయి వాటా ఇప్పుడు ఆవిడది. ఊఁ అనాల్సిందీ, వద్దనాల్సిందీ ఆవిడే. మేం ఆ మాట ఎత్తడానికి మొహమాటపడుతున్నాం.

"ఎవరన్నారండీ ఫెయిలయిందని?" అంది. "మీరంతా అరుస్తుంటే నోరు మూసుకున్నది అదొక్కటే. ఆయన పడుకోగానే తగ్గించుకుందిగా."

జోసెఫ్ గారు తల వంచుకున్నారు.

"చెయ్యండి" అంది పిన్ని. "షెడ్డు మూస్తే ఆయన ఊరుకోరు. కానీ ఒక్కటి. ఇంకొకరింటికి పంపేవాటికి ఆ కన్ను పెట్టకండి. అన్ని ఇళ్లవాళ్లూ తట్టుకోలేరు." నా వైపు తిరిగి, "కన్ను తీసేస్తే మామూలు టీవీయేగా అమ్మడూ?" అని అడిగింది.

"మామూలుదే పిన్నీ" అన్నాను. నేను సందేహం లేకుండా ఇచ్చిన సమాధానాలు తక్కువ. అదొకటి.

అలా మేం టీవీలు చెయ్యడం మొదలుపెట్టాం. కంప్యూటర్లు చేసే కంపెనీ టీవీలు చెయ్యొచ్చా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే చెయ్యొచ్చనే అంటాను. అని, ఆ రాత్రికి మళ్లీ ఆలోచిస్తాను. మధ్యాహ్నాలు మా వాళ్ల చేతులు ఖాళీగా లేవు. ప్రతి టీవీ వీపు మీదా ఇప్పుడు జోసెఫ్ గారు అరచెయ్యి ఆనించి చూస్తున్నారు. "జ్వరం లేదు" అని మాత్రం అనరు. ఆ మాట గురువుగారిదట. ఊరికే తలూపుతారు.

కన్ను లేని మొదటి టీవీని ఆటోలో పెట్టుకుని నేనే కంకిపాడు తీసుకెళ్లాను, మచ్చు టీవీ తీసేసి దాని చోట ఇది పెట్టి వద్దామని. పిన్ని కాఫీ ఇచ్చింది. ఇప్పుడు నుదుట చిన్న నల్లబొట్టు పెట్టుకుంటోంది. బాబాయి ఫొటో గోడకి, టీవీ ఉన్న గోడకే, ఒక పక్కగా ఎక్కించింది. ఇప్పుడు టీవీకి ఆ ఫొటో కనపడదు. పేము కుర్చీ ఖాళీగా ఉంది, చేతి మీద తుండుగుడ్డతో సహా. టీవీ కంటి మీద ఎర్రటి స్టిక్కరు బొట్టు, నీటుగా, మధ్యలో అంటించి ఉంది.

"నేనే పెట్టాను" అంది, నా చూపు గమనించి. "అద్దం మీద మిగిలిపోయింది. ఇంక నాకెందుకు? కన్ను మూసేశాగా, దాని మానాన అది ఉంటుందిలే. దీన్ని తీసుకుపోకు. కొత్తది కావాలంటే ఆ గదిలో పెట్టు."

సరేనన్నాను. బస్సుకి ఇంకా టైముందని కూర్చున్నాను. పిన్ని గోంగూర వలుస్తోంది. ఆవకాయ జాడీ గురించి, పక్కింటివాళ్ల కోడలి గురించి చెబుతోంది. కిటికీలో వెలుగు పలచబడింది.

ఉన్నట్టుండి హాలు నీలంగా అయింది. నీళ్ల వార్త.

కన్ను మూసి ఉంటే అది వెలగకూడదు. ఆ మాట రాసింది నేనే. బొట్టు అంచు ఒకచోట లేచి ఉండొచ్చు. వేళని నేర్చుకునే భాగంలో నేనేదో వదిలేసి ఉండొచ్చు. ఇంటికొచ్చి ప్రోగ్రాము తెరిచి చూస్తే తెలిసిపోతుంది. ఇది రాస్తున్న ఈ రోజు వరకూ నేను తెరవలేదు.

పిన్ని తలెత్తలేదు. గోంగూర వలుస్తూనే ఉంది. వార్త అయింది. చప్పుడు తగ్గుతూ వచ్చింది. పిన్ని చేతిలో కాడ చేటలో వేసి, చెంగుకి చేతులు తుడుచుకుని లేచింది. గోడ దగ్గరికి వెళ్లి ఫ్యాను ఒక మెట్టు తగ్గించి, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను కదల్లేదు. ఖాళీ కుర్చీ చేతి మీద అప్పటిదాకా రెపరెపలాడుతున్న తుండుగుడ్డ, మెల్లగా, ఒక్కొక్క మడతే వాలిపోవడం చూస్తూ కూర్చున్నాను.